మొదలు నుంచి కొమ్మల దాకా కొట్టాలి

జూన్ 3, మంగళవారం

మేస్త్రి ఇవాళ తన కొయ్యసుత్తి వదిన చేతికిచ్చాడు.

మున్సిపాలిటీ చెట్లు చూసే ఆయన జట్టులో నేను చేరినప్పటి నుంచి ఆ సుత్తి వంక చూస్తూనే ఉన్నాను. ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా. నీకెందుకే కోతీ, నీకున్న రెండు చేతులూ కొమ్మలు పట్టుకోవడానికే చాలవు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మెచ్చుకున్నాడనుకున్నాను. పిచ్చిదాన్ని.

చెట్టెక్కడంలో మా జట్టులో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది గొప్ప కాదు, నిజం. ఎవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆపేసి, ఫోన్లో వీడియోలు చూసి, పడి, మళ్ళీ ఎక్కి నేర్చుకున్నాను. వదిన ట్రైనింగ్ సెంటరుకెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాన్ని ఫ్రేము కట్టించాడు మా అన్నయ్య.

పెద్ద పార్కులో మా పని ఇవాళే మొదలు. ఉన్న చెట్లన్నీ చూసి, ఏది మనుషుల మీద పడేలా ఉందో తేల్చాలి. వదిన వరసగా అన్నిటినీ కొట్టుకుంటూ పోయింది. మా జట్టులో కొట్టడం అంటే కొయ్యసుత్తితో తట్టి వినడం. గట్టి మాను ఒకలా పలుకుతుంది, లోపల డొల్ల ఉంటే ఇంకోలా. చెట్టును తీసేయడాన్ని మేం కొట్టడం అనం. దించడం అంటాం. ఇది మేస్త్రి పెట్టిన భాష, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఇదే నోటికొచ్చేస్తుంది.

ఉయ్యాలల మీదికి వాలిన పెద్ద నిద్రగన్నేరు దగ్గర వదిన ఆగిపోయింది. కొట్టింది. చెవి ఆనించింది. మళ్ళీ కొట్టింది. ఉయ్యాలల వైపు పైన ఎక్కడో తేడాగా ఉంది అంది. నేను వెంటనే చెప్పాను, అది రాయిలాంటి చెట్టు, పోయినేడాది తుఫాను తర్వాత ఎక్కాను, నాకు మా ఇంటి మెట్లు ఎంత తెలుసో అదీ అంతే తెలుసు అని. మేస్త్రి నా మాట విన్నాడు. విని, వదిన దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

దీన్ని నిచ్చెన వేసి మొదలు నుంచి కొమ్మల దాకా కొట్టాలి, తీరిగ్గా, అని తేల్చాడు.

జూన్ 5, గురువారం

వదినను ఈ పనిలోకి తెచ్చింది నేనే. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో వదిన బట్టల కొట్లో పనిచేసేది. రోజంతా నిలబడి కాళ్ళు వాచిపోయేవి. పాపం అనుకుని మేస్త్రికి నేనే చెప్పాను. మొదటి రోజు నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి, అమ్మాయ్, కింద పట్టుకున్నావా అని నన్ను పదే పదే అడిగింది. ఆ రోజు ఎంత ముద్దొచ్చిందో.

ఇవాళ అమ్మ వదిన అరచేతులు పట్టుకుని, చూడవే, కాయలు కాసిపోయాయి పిల్లకి అని కొబ్బరినూనె రాసింది. నా చేతులు ఎప్పటి నుంచో అలాగే ఉన్నాయి. మొదటిసారి కాయలు కాసినప్పుడు అమ్మకు చూపిస్తే, ఆడపిల్ల చేతులేనా అవి అంది.

అన్నయ్య బస్సు డ్యూటీ దిగి వచ్చి, ఏమే కోతీ, మా ఆవిడ నిన్ను దాటేసిందట కదా అన్నాడు. వదిన అతని మోచెయ్యి గిల్లింది. నా కోసమే గిల్లింది. నా మీద జాలిపడి.

ఆ గిల్లుడు నాకు గుచ్చుకుంది.

జూన్ 9, సోమవారం

పార్కుల ఆఫీసరు వచ్చాడు. రెండు సంగతులు చెప్పాడు.

ఒకటి. జనాన్ని అడక్కుండా ఒక్క కొమ్మ కూడా తీయకూడదు. అనుమానం ఉన్న చెట్టుకల్లా బోర్డు కట్టాలి. ఏం చేయబోతున్నామో అందరికీ అర్థమయ్యేలా రాయాలి. తర్వాత పార్కు షెడ్డులో మీటింగు, అక్కడ జనం ఏమంటే దాన్నిబట్టి పని.

రెండోది. మేస్త్రి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మీటింగు కాగానే ఆయన్ను నర్సరీకి మార్చేస్తారట. ఆయన జాగాలోకి మా జట్టులోంచే ఒకరిని తీసుకుంటారట. ఎక్కడం, కోయడం మాత్రమే కాదు, జనంతో ఎలా నెగ్గుకొస్తారో కూడా చూస్తాను అన్నాడు. చూస్తాను అన్న మాట జట్టంతటికీ చెప్పి, కళ్ళు మాత్రం వదిన మీద పెట్టాడు.

ఆ జాగా నాది. ఎవరేమనుకున్నా సరే. వానలో తడిసింది నేను, కందిరీగలతో కుట్టించుకుంది నేను, మేస్త్రికి మోకాళ్ళు నొప్పెట్టిన రోజున ఆయన వంతు చెట్లు కూడా ఎక్కి దిగింది నేను. నిన్న గాక మొన్న వచ్చి చెవి ఆనించినంత మాత్రాన మేస్త్రులైపోతారా.

బోర్డులు రాసే పని నాకు పడింది. నా దస్తూరి బాగుంటుంది. వదిన పార్కంతా తిరుగుతూ ఒక్కో చెట్టుకూ ఏం రాయాలో చెబుతూ పోయింది. గేటు దగ్గరిది ఎండిపోయింది, తీసేస్తున్నాం. నడకదారి పక్కదానికి విరిగిన కొమ్మలు కోస్తున్నాం. అన్నీ తీర్చినట్టు చెప్పింది. పెద్దదాని దగ్గరికొచ్చేసరికి ఆలోచిస్తూ, మేస్త్రి అన్నదే రాసెయ్, దీన్ని మొదలు నుంచి కొమ్మల దాకా కొట్టాలి, అంతే అంది. జట్టు భాష కొత్తగా వంటబట్టింది కదా, మోజు. మాట్లాడితే అందులోనే మాట్లాడుతోంది.

నా చెయ్యి ఆగింది. దారినపోయే మనిషి చెట్టును కొట్టాలి అని చదివితే ఏమనుకుంటాడో నాకు తెలుసు.

తను చెప్పిందే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. పరిశీలించినవారు అన్నచోట తన పేరు కాస్త పెద్దగా రాశాను.

జూన్ 10, మంగళవారం

బోర్డులు కట్టేశాం. పెద్దదానిది నేనే కట్టాను, ఉయ్యాలల వైపు.

జూన్ 12, గురువారం

ఇవాళ నేను పక్క చెట్టు మీద ఎండుకొమ్మలు కోస్తున్నాను. అన్నీ చెవులారా విన్నాను.

పొద్దున నడకకు వచ్చేవాళ్ళకు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు పెద్ద. ఆయన బోర్డు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ తర్వాత పరిశీలించినవారు ఎవరని కేకేశాడు. వదిన నవ్వు మొహంతో వెళ్ళింది.

ఈ చెట్టు ఏం పాపం చేసిందమ్మా అన్నాడు. పాపమేముందండీ, కొంచెం అనుమానంగా ఉంది, అందుకని కొడతాం అంది వదిన. అనుమానానికే కొట్టేస్తారా అన్నాడాయన. అనుమానం ఉంటేనే కదండీ కొట్టేది, లేకపోతే ఊరికే ఎందుకు కొడతాం అంది.

జనం మూగారు. మనవరాల్ని రోజూ ఉయ్యాలకు తీసుకొచ్చే బామ్మ ఒకావిడ ముందుకొచ్చి, పచ్చగా ఉంది, ప్రాణం ఉంది, దాన్ని కొట్టడానికి నీకు చేతులెలా వస్తాయే అంది. ప్రాణం ఉంది కాబట్టే కొడుతున్నాం బామ్మగారూ, చచ్చినదాన్ని కొట్టి ఏం లాభం అంది వదిన. మెల్లగా కొడతాం, ఒక్కో పక్కా కొట్టుకుంటూ వెళ్తాం, ఒక్క ఆకు కూడా రాలదు అంది. పిల్లలు చూస్తామంటే వాళ్ళ ముందే కొడతాం అంది.

బామ్మ చెట్టు మొదట్లో చతికిలబడింది. ముందు నన్ను కొట్టండి, తర్వాత దీన్ని కొడుదురు అంది. వదిన నిజంగా తికమకపడి, మిమ్మల్ని కొడితే ఏం తెలుస్తుందండీ అంది.

అప్పుడు చూడాలి. ఒకాయన వదిన చేతిలోంచి సుత్తి లాక్కోబోయాడు. ఎవరో ఇది మనిషా రాక్షసా అన్నారు. మేస్త్రి కుంటుకుంటూ వచ్చి వదినను అవతలికి లాక్కుపోయాడు. తనకు అప్పటికీ అర్థం కాలేదు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది.

నేను కొమ్మకు నుదురు ఆనించి నవ్వాను. కడుపు నొప్పెట్టేదాకా. బెల్టు లేకపోతే పడిపోయేదాన్ని.

జూన్ 13, శుక్రవారం

హెడ్మాస్టరు ఆఫీసుకెళ్ళాడు. ఆఫీసరు హడలిపోయి ఆర్డరిచ్చాడు. మీటింగు అయ్యేదాకా పెద్దదాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. నిచ్చెన కూడదు. సుత్తి కూడదు.

వదిన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, కొట్టడమంటే తట్టి వినడమేనండీ అని చెబుతోంది. ఇప్పుడు మాట మారుస్తున్నారు అంటున్నారు వాళ్ళు. ఇళ్ళలోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని వంతులవారీగా చెట్టు కింద కూర్చుంటున్నారు, కాపలా. ఆ చెట్టు ఎంత అవసరమో ఆఫీసరుకు తెలియాలని పిల్లల్ని ఎక్కువమందిని తెచ్చి ఉయ్యాలలెక్కిస్తున్నారు. ఎన్నడూ లేనంత సందడి.

ఉయ్యాలల చుట్టూ తాడైనా కట్టనివ్వండి, లోపల డొల్ల ఉందని నాకు అనుమానం అని వదిన ఆఫీసరును బతిమాలింది. ముందు నీ మీద ఉన్న అనుమానం సంగతి చూసుకో అన్నాడట.

ఆ మాట మా జట్టులో అందరూ చెప్పుకుంటున్నారు. నేనూ చెప్పాను, ఇద్దరికి.

జూన్ 15, ఆదివారం

వదిన పొద్దున్నించి ముద్ద ముట్టలేదు.

బట్టలు ఉతికేటప్పుడు పంపు దగ్గర అడిగింది. అమ్మాయ్, రాసేటప్పుడు నీకు తట్టలేదా, బయటివాళ్ళు వేరేలా అనుకుంటారని. నువ్వు చెప్పిందే రాశాను వదినా అన్నాను. అవును, నేను చెప్పిందే, తప్పు నాదే అంది. యూనిఫారం పిండి ఆరేసింది. నాది కూడా పిండి ఆరేసింది.

ఒక్క మాట తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది. నాలుగు తిట్లకు ఎనిమిది తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అవి ఇంకా నోట్లోనే ఉన్నాయి, చేదుగా.

అమ్మ మాత్రం నన్ను అదోలా చూసింది. అన్నం పెడుతూ, బయటివాళ్ళకు రాసేటప్పుడు బయటివాళ్ళ మాటల్లో రాయాలని అంత చదువుకున్నదానికి తెలీదా అంది. చదువుకున్నది వదిన. చూపు మాత్రం నా మీద.

జూన్ 16, సోమవారం

మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. ఆవిడ కొత్తది, మన మాట బయటివాళ్ళకు తెలీదన్న సంగతి మర్చిపోయింది, నువ్వు కొత్తదానివా అన్నాడు. ఇవాళ నువ్వు ఎక్కక్కర్లేదు, పుల్లలేరు అన్నాడు.

పుల్లలేరాను. పనికి చేరిన మొదటి రోజున కూడా నాతో పుల్లలేరించలేదు ఆయన.

మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్ళి అడిగేశాను. సుత్తి నాకెందుకివ్వలేదు, తనకెందుకిచ్చావు అని. ఆయన అన్నం డబ్బా మూత పెట్టేసి, మూతి తుడుచుకుని చెప్పాడు. నువ్వు పక్కింటి తలుపు కొట్టినట్టు కొడతావే, లోపలివాళ్ళు పలికేదాకా నిలబడవు, వాళ్ళేమంటారో నువ్వే చెప్పేసి వచ్చేస్తావు అన్నాడు. ఆవిడ నిలబడుతుంది అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే పుల్లలన్నీ సాయంత్రానికల్లా ఏరేశాను. పార్కు చీపురు పెట్టి ఊడ్చినట్టుంది. హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. తల తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

జూన్ 17, మంగళవారం, పొద్దున ఆరు

నిన్న సాయంత్రం నుంచి గాలి. అందరికంటే ముందు వచ్చాను.

మధ్య ఉయ్యాల పీట మీద సన్నటి చెక్కపొట్టు పడి ఉంది. పిండి జల్లించినట్టు. పైకి చూశాను. ఉయ్యాలల మీదికి వచ్చే పెద్ద కొమ్మ మానులోంచి చీలేచోట బెరడు మీద ఒక గీత. పోయినేడాది నేను కాలు పెట్టి నిలబడిన చోటు అది. అప్పుడు ఆ గీత లేదు.

అంటే వదిన విన్నది నిజం.

పీట నా చున్నీతో తుడిచేశాను.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నానికి మళ్ళీ పడింది. మళ్ళీ తుడిచాను. బామ్మ చూసి, మంచి పిల్లవమ్మా, మా దానికి బట్టలు మాయకుండా తుడుస్తున్నావు అంది.

చెబితే తన మాట నెగ్గుతుంది. తనకు చెవి ఉందని, నాకు లేదని ఊరందరికీ తెలిసిపోతుంది. మేస్త్రి జాగా వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో రాయడం నాకిష్టం లేదు.

బామ్మ మనవరాలు నన్ను అడిగి మరీ ఊపించుకుంది. ఇంకా పైకి, ఇంకా పైకి అంటోంది. నేను మెల్లగా ఊపాను. ఎందుకు మెల్లగా అంటే, పై కొమ్మ కిర్రుమంటుందేమోనని వింటున్నాను. అప్పుడు అర్థమైంది నాకు, నేనూ వినగలను అని. కాని ఎవరి పిల్లను ఆ కొమ్మ కింద కూర్చోబెట్టి వింటున్నాను.

కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి పిల్లను దించేశాను. అది ఏడ్చింది.

జూన్ 18, బుధవారం

పని చేయలేదు. ఉయ్యాలల గొలుసులు పైకి చుట్టేసి తాళం వేశాను. ఎవరు వేశారని వాకబు చేశారు. హెడ్మాస్టరు వదిన పనే అన్నాడు. వదిన కాదనలేదు. సాయంత్రం తాళం పగలగొట్టించారు.

రేపే మీటింగు.

జూన్ 19, గురువారం

షెడ్డు నిండిపోయింది. ఆఫీసరు, హెడ్మాస్టరు ముందు వరసలో. బామ్మ మాత్రం రానంది. మీరు లోపల మాట్లాడుతుంటే వెనకాల కొట్టేస్తారు అని చెట్టు కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది, మనవరాలు ఉయ్యాల మీద.

వదిన లేచింది. కొట్టడం అంటే అని మొదలుపెట్టగానే గోల. హెడ్మాస్టరు చెయ్యెత్తి అందర్నీ ఆపి, అమ్మా, నేను పిల్లలకు తెలుగు చెప్పి ముసలివాణ్ణయ్యాను, కొట్టడమంటే ఏమిటో నువ్వు నాకు నేర్పొద్దు అన్నాడు. చప్పట్లు. వదిన నిలబడే ఉంది. బయట గాలి రేగింది.

ఆ గాలి నాకు వినపడింది.

వదిన కుర్చీ కింద ఉన్న సంచీలోంచి సుత్తి తీసుకుని వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళాను. బామ్మ లేచి అడ్డం రాబోయింది. ముందు పిల్లను ఉయ్యాలలోంచి ఎత్తి ఆవిడ ఒళ్ళో పడేశాను. తర్వాత కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే షెడ్డులోకి వినపడింది. కొట్టేస్తున్నారు, కొట్టేస్తున్నారు అని బామ్మ అరుపు. షెడ్డు షెడ్డంతా పరుగెత్తుకొచ్చింది. కుర్చీలు పడిపోయిన చప్పుడు.

వచ్చి చూస్తే గొడ్డలి లేదు, రంపం లేదు. కొయ్యసుత్తితో నేను.

కొట్టడమంటే ఇదే అన్నాను. పక్క చెట్టును కొట్టాను. దీన్ని కొట్టాను. నెత్తిన పొట్టు రాలింది. రెండు రోజులుగా ఇది రాలుతోంది, నేనే తుడిచేస్తున్నాను అన్నాను. బోర్డు రాసింది కూడా నేనే, మీరు ఇలాగే అనుకోవాలని రాశాను, పొరపాటున కాదు అన్నాను.

ఎవరూ వినలేదు. అది రాస్తే నవ్వొస్తుంది. అందరూ పొట్టు చూస్తున్నారు, పైన గీత చూస్తున్నారు, పిల్లల్ని వెనక్కి లాక్కుంటున్నారు. వదిన నా చేతిలోంచి సుత్తి తీసుకుని బామ్మకిచ్చింది. మీరే కొట్టి చూడండి అంది. బామ్మ కొట్టింది. చెవి పెట్టింది. మొహం మారిపోయింది. నా పిచ్చితల్లీ, లోపల ఏమీ లేదే నీకు అంది చెట్టుతో. తర్వాత హెడ్మాస్టరు. ఆయన ఇటూ అటూ తిరిగి రెండు చెట్లనూ కొట్టి, మద్దెలలా పలుకుతోందే అన్నాడు. ఆ తర్వాత నాకివ్వండి నాకివ్వండి అని వరస కట్టారు. వదిన ఒక్కొక్కరికీ ఎక్కడ కొట్టాలో చూపిస్తూ, తొందరపడకండి, పలికేదాకా ఆగండి అంటోంది.

అందరూ అక్కడే తేల్చేశారు, చెట్టు చుట్టూ నిలబడి. మొత్తం దించొద్దు. ఉయ్యాలల వైపు కొమ్మలు తీసేసి బరువు తగ్గించాలి. ఉయ్యాలలు అవతలి పచ్చిక మీదికి మార్చాలి. మాను ఉన్నన్నాళ్ళు ఉండాలి. కొమ్మలు తీసేదాకా అక్కడికి ఎవరూ రాకుండా తాడు కట్టాలి. తాడు కట్టింది హెడ్మాస్టరే. ఈ అమ్మాయి మాకు ముందే చెప్పింది, మేమే వినలేదు అని వదిన వైపు చూపించి ఆఫీసరుతో అన్నాడు.

పరుగెత్తింది నేను. పొగడ్త తనకి. నేను చేసిన చెడ్డపని కూడా తనకే కలిసొచ్చింది. ఇంక ఏం చేయను నేను.

జూన్ 20, శుక్రవారం

వదినే మేస్త్రి. ఆఫీసులో కాగితం అంటించారు.

జూన్ 22, ఆదివారం

అమ్మ పాయసం చేసింది. తినలేదు. తర్వాత ఎవరూ చూడకుండా తిన్నాను.

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. కొత్త మేస్త్రి మొదటి చెట్టు తనే ఎక్కాలి. కింద తాడు పట్టే మనిషిని తనే ఎంచుకోవాలి. పైన కాలు జారితే ఆ తాడు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి, ఎవరిని పిలిచారన్నది జట్టంతా గుర్తుపెట్టుకుంటుంది. పాత మేస్త్రి తన రోజున ఎవరిని పిలిచాడో ఇప్పటికీ చెప్పుకుంటారు.

వదిన మొదటి చెట్టు ఆ నిద్రగన్నేరే.

అన్నయ్య పాత మేస్త్రి దగ్గరికి వెళ్ళి వచ్చాడు. నాకు తెలియదనుకున్నాడు. తాడుకు వేరే ఎవరినైనా పెట్టమని అడిగాడట, మా చెల్లెల్ని మాత్రం వద్దని. నా తోడబుట్టినవాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని జామచెట్టు కొమ్మలందించినవాడు. నేను తాడు వదిలేసి తన పెళ్ళాన్ని పడేస్తానని భయం.

కోపం రాలేదు. అందుకే భయమేసింది. ఎందుకంటే ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, నేనూ లెక్క వేసుకున్నాను.

సాయంత్రం పంపు దగ్గర వదినతో, నన్ను పిలవకు, నేను మంచిదాన్ని కాను అన్నాను. తెలుసులే అంది. తాడు పట్టేది నువ్వే, వేరేవాళ్ళకు నేనెప్పుడు జారతానో తెలీదు, నీకైతే నా అడుగు తెలుసు, ఇన్నాళ్ళూ తప్పు పట్టడానికే అయినా నన్ను చూసినంతగా ఎవరూ చూడలేదు అంది.

ఇవాళ ఇద్దరి యూనిఫారాలూ నేనే పిండి ఆరేశాను.

జూన్ 24, మంగళవారం

గాలి ఎక్కువగా ఉంది. ఎక్కలేదు. రేపు.

జూన్ 25, బుధవారం

పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది, గ్లోవ్స్ చిరిగి అరచేతులు ఒలిచిపోయాయి. కోసిన కొమ్మ ఊగి తగలగానే వదిన జారింది. నేను ముందే చూశాను. పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నా నెత్తి మీద కూర్చుందనుకున్న మనిషి బరువు ఎంతో ఇవాళ తెలిసింది. ఏమంత లేదు.

దిగి వచ్చి నా చేతులు చూసి, ఇవి మానగానే పైకి ఎక్కేది నువ్వే, కింద తాడు నాది అంది. ఆర్డరు వేసినట్టు. ఒళ్ళు మండింది.